దిబ్బ వెనక చెలమ

పడవ ఇసుకలో ముక్కు గుచ్చుకుని ఆగింది. ఉదయం ఆరూ నలభై. వాన వెలిసింది, గాలి తగ్గలేదు. ముందు సుబేదారు దిగాడు, మోకాలి లోతు నీళ్ళలోకి. తర్వాత నేను. బూట్లు రెండూ నిండాయి. అక్కడున్నన్నాళ్ళూ అవి ఆరలేదు.

తిరువొత్తియూరు దాటి ఉత్తరంగా పోతే, ఉప్పుటేరు సముద్రంలో కలిసేచోట ఆ పల్లె ఉంది. పేరు రాయను. చేపలు పట్టేవాళ్ళు. ఎప్పుడో నెల్లూరు వైపునుంచి వచ్చి నిలిచిపోయినవాళ్ళు. ఇంట్లో తెలుగు, సంతలో అరవం. ఏరు ఊరిని రెండుగా చీలుస్తుంది. దక్షిణపు ఒడ్డున బడి, గుడి, రోడ్డు. ఉత్తరపు ఒడ్డున గుడిసెలు, వాటి వెనక ఇసుకదిబ్బలు, సరుగుడు తోట. తుపాను రోడ్డును తెగ్గొట్టింది. తుపాను వెనకాలే విరేచనాలు మొదలయ్యాయి. అప్పటికింకా మన ఊరు మద్రాసే. మద్రాసుకు ఒక పూట దూరంలో మనుషులు ఒంట్లో నీరంతా పోయి చస్తున్నారు.

నేను సైన్యంలో డాక్టర్ని. కెప్టెన్. ఐదేళ్ళ కమిషన్‌లో అది మూడో ఏడు. బయలుదేరేముందు మా కమాండింగ్ ఆఫీసరు మ్యాపు ముందు నిలబడి ఆర్డరు ఇచ్చాడు. "ఎక్కణ్ణించి వస్తోందో కనిపెట్టు. మూసెయ్యి. తిరిగి రా."

సామాను: రెండు గుడారాలు, రెండు వైర్‌లెస్ సెట్లు, సెలైన్ సీసాల పెట్టెలు, బ్లీచింగ్ పౌడరు డ్రమ్ములు, సున్నం బస్తాలు, స్ట్రెచర్లు, పారలు. మనుషులు: గఢ్వాల్ కొండలనుంచి వచ్చిన సుబేదారు, పంజాబీ వైర్‌లెస్ ఆపరేటర్లు ఇద్దరు, కొందరు జవాన్లు, ఒక నర్సింగ్ అసిస్టెంటు. నర్సింగ్ అసిస్టెంటు శ్రీకాకుళం వైపు హవల్దారు. మెత్తని మనిషి. సూది గుచ్చేముందు రోగిని క్షమించమని అడిగేవాడు.

"తెలుగు మీ ఇద్దరికే వచ్చు. ఒడ్డుకొకరు," అన్నాడు సుబేదారు. అలాగే పంచుకున్నాం. బడిలో వార్డు పెట్టుకుని నేను దక్షిణాన ఉండిపోయాను. నర్సింగ్ అసిస్టెంటు ఒక సెట్టు, ఒక ఆపరేటరు, ఒక గుడారంతో ఉత్తరానికి వెళ్ళాడు. ఏరు పోటు మీదుంది. రోజుకు రెండుసార్లు, ఆటు తీసినప్పుడే పడవ దాటేది. మిగతా వేళల్లో మా ఇద్దరి మధ్యా సెట్టే.

సెట్టు మీద సొంత భాష మాట్లాడకూడదు. హిందీ, లేదా ఇంగ్లీషు. రూలు అది.

బడిలో బెంచీలు బయట పారేసి నులక మంచాలు వేయించాను. మంచం నడుమ నులక కోసి, కింద బకెట్టు. బకెట్లో పడేది బియ్యం కడుగులా ఉంటుంది. వాసన కూడా పెద్దగా ఉండదు. అందుకే భయపడరు. పొద్దున చేపల బేరమాడిన మనిషికి సాయంత్రానికి కళ్ళు గుంటలు పడతాయి, వేళ్ళు చాకిరేవులో నానినట్టు ముడతలు పడతాయి, గొంతు పోతుంది. గుసగుసగా నీళ్ళడుగుతారు.

ఈ మధ్య మైలాపూరులో మా పక్కింటావిడ అడిగింది, మిలట్రీలో తుపాకీ పేల్చావా అని. లేదన్నాను. "అయితే సుఖమే," అంది. నా పాపకు ఎనిమిదో నెల. దాని నీళ్ళు రెండుసార్లు కాచి, గుడ్డ మార్చి వడగడతాను. మా అత్తగారు నవ్వుతారు. ఆ పక్కింటావిడ, మా అత్తగారు, వాళ్ళిద్దరికోసమే ఇది రాస్తున్నాను అనుకోండి.

మొదటి పని తాగే నీళ్ళు. రోడ్డు తెగినచోటి దాకా సర్కారు లారీ వస్తుంది. రెండొడ్ల వాళ్ళూ దాని దగ్గరే బిందెలు నింపుకుంటారు. ఉత్తరం వాళ్ళు బిందెలు పడవలో దాటించుకుంటారు. లారీ నీళ్ళు పరీక్షించాను. క్లోరిన్ సరిగ్గా ఉంది. బిందెల్లో చూశాను, ఉంది. బావులు మూడు. తాగరు, అయినా మందు వేయించాను. మందు వేశాక కూడా మంచాలు నిండుతూనే ఉన్నాయి. అన్నీ ఉత్తరం నుంచే. దాదాపు అందరూ ఆడవాళ్ళే.

నా మంచాల మీది ఆడవాళ్ళకు మాట్లాడే ఓపిక లేదు. వెంట వచ్చిన మగవాళ్ళను అడిగాను. "మంచినీళ్ళు యాడివి తాగుతారు?"

"లారీ నీళ్ళేమ్మా."

"వేరే యాడా తాగరా?"

"వేరే యాడుండాయి? ఇంక సముద్రమే."

ఒకే నీళ్ళు తాగే ఇళ్ళల్లో మగవాడు కూర్చుని బీడీ తాగుతున్నాడు, ఆడది చస్తోంది. ఎందుకు? రోగం వచ్చేముందు ఆడవాళ్ళు ఏం చేశారో, ఏం తిన్నారో ఒక్కొక్కరినీ అడగమని సెట్టులో చెప్పాను. సాయంత్రం నాలుగింటికి నర్సింగ్ అసిస్టెంటు నుంచి జవాబు వచ్చింది.

"మేడం, కేసు ఒకటి, ప్రెగ్నెంట్. ఓవర్."

"రెండోది?"

"ప్రెగ్నెంట్. మూడు, ప్రెగ్నెంట్. నాలుగు కూడా. ఓవర్."

"ఎన్నో నెల?"

కాసేపు గరగర. "ఆడవాళ్ళను అంతకన్నా అడగలేను మేడం. ఓవర్."

అంతే, నా బుద్ధి ఒక దారిన పడింది. కడుపుతో ఉన్నవాళ్ళు మాత్రమే తినేది ఏమిటి? సుద్దముక్కలు, పుల్లటి మట్టి, మంత్రసాని ఇచ్చే కషాయం. సుబేదారు ఉత్తరపు ఒడ్డున గుడిసె గుడిసెకూ వెళ్ళి సుద్ద పోగుచేశాడు. మంత్రసాని కుండలన్నీ గుడిసె ముందర పగలగొట్టించాడు. ఆమె మట్టిలో కూర్చుని ఏడ్చిందని జవాన్లు చెప్పారు. రెండు రోజులు అలా పోయాయి. ఆ రెండు రోజుల్లో ముగ్గురు ఆడవాళ్ళు పోయారు.

వాళ్ళ ఊరి మ్యాపు సుబేదారే గీశాడు. బావులు, దొడ్లు, పేడకుప్పలు అన్నీ పెట్టాడు. ఉత్తరాన దిబ్బల వెనక ఒక జాగా ఖాళీ వదిలాడు. అదేమిటన్నాను. "ఆడవాళ్ళ స్నానాల చోటు మేడం. జవాన్లు అటు వెళ్ళకూడదని నేనే ఆర్డరు వేశాను," అన్నాడు గర్వంగా. మంచి పని చేశారన్నాను.

మూడో పొద్దున ఆటు తీసే వేళకు సెట్టులో ఆపరేటరు గొంతు. వాడికి ఎప్పుడూ సరదానే.

"మేడం, ఇక్కడ గాలి మంచిది కాదు. ఊరంతా ప్రెగ్నెంటే. నిన్న మీ దగ్గరికి పంపిన పోలమ్మవ్వ కూడా అదేనంట. పళ్ళు కూడా లేవు. ఓవర్."

పోలమ్మవ్వ నా వార్డులో కిటికీ పక్క మంచం మీద ఉంది. అరవై దాటిన మనిషి. రొంటిన పొగాకు సంచి.

"ఇంకొకటి, మేడం. చెంగమ్మ అని. విధవంట. ఆమెకూ కడుపే అని మన హవల్దారు చెప్పాక అత్త ఇంట్లోంచి గెంటేసింది. వలల కొట్టంలో పడి ఉంది. మందు తాగించడానికి ఎవరూ రావడంలేదు. ఓవర్."

నేను పడవ ఎక్కాను.

నర్సింగ్ అసిస్టెంటు ఒడ్డునే ఎదురొచ్చాడు. మొహం పీక్కుపోయింది. "నానేటి తప్పు చేసినానో తెలీడం లేదు మేడం. మీ కోడలు వొట్టిమనిషి కాదు కదమ్మా, జాగర్తగా చూసుకోండి అన్నాను. మంచికే అన్నాను."

వాంతులకూ చెమటలకూ బొట్లన్నీ చెరిగిపోయిన గుడిసెల్లో ఎవరికి మొగుడున్నాడో ఎవరికి లేడో అతనికెలా తెలుస్తుంది? నలుగురి ముందర అన్నాడు. పాలపొడి డబ్బా కూడా ఇచ్చాడు.

అత్త గుడిసె ముందర నిలబడి ఉంది. పొడుగు మనిషి. పేరు అంకమ్మ. పాలపొడి డబ్బా ఇసుకలో బోర్లా పడి ఉంది, చీమలు పట్టి.

"ఏందమ్మా, మీ మిలట్రీ ఆయన నా ఇంటికి వచ్చి నాకే చెప్తాడు! నా కొడుకు నీళ్ళల్లో పొయ్యి రెండేండ్లు. ఇది యాడ తెచ్చుకునింది? చెప్పు. నువ్వు సదువుకున్నదానివి గదా, చెప్పు."

"ముందు మనిషి బతకనీ అంకమ్మా."

"బతికి?"

వలల కొట్టంలో తారు వాసన. చెంగమ్మ తడి ఇసుక మీద ఒక పక్కకు తిరిగి పడి ఉంది. పాతికేళ్ళు ఉంటాయేమో. నాడి చేతికి దొరకలేదు. మెడ దగ్గర దొరికింది, దారంలా. ఉప్పు చక్కెర నీళ్ళ గ్లాసు చేయి చాచినా అందనంత దూరంలో ఎవరో పెట్టి వెళ్ళారు. ముట్టుకోకుండా.

చేతి నరాలు అణగిపోయాయి. చీలమండ దగ్గర కోసి నరం బయటికి తీసి గొట్టం పెట్టాను. ఆమె మూలగలేదు. రెండో సీసా సగమయ్యాక కళ్ళు తెరిచింది.

"నువ్వెవురు?"

"డాక్టర్ని."

"ఆయనకన్నా తెలుగు బాగానే మాట్లాడతావే."

"ఎన్ని నెలలు చెంగమ్మా?"

"నువ్వు గూడానా?"

"ఆయనకేం చెప్పినావు?"

"రోగం వచ్చేదానికి ముందర ఏమన్నా విశేషమా అని అడిగినాడు. ఏముండాది విశేషం, నీళ్ళు పోసుకున్నా, అంతే, అంటి. దానికేమో నవ్వి పాలపొడి ఇచ్చినాడు. పిచ్చోడేమో అనుకుంటి."

సీసా పట్టుకుని నర్సింగ్ అసిస్టెంటు నా పక్కన నిలబడి ఉన్నాడు. సీసా కిందికి దిగింది. పైకెత్తమన్నాను.

మా అమ్మ నన్ను జార్జి టౌన్ ఇంట్లో రోజూ లేపిన మాట అది. లేచి నీళ్ళు పోసుకో. అంటే స్నానం. మా వైపు, నెల్లూరు వైపు, ఆ పల్లెలో, అంతే. శ్రీకాకుళంలో విశేషమా అని అడిగితే, ఆడది నీళ్ళు పోసుకున్నానంటే, కడుపుతో ఉన్నానని. అతను విన్నది అతని తెలుగు. దాన్ని హిందీలోకి మార్చి సెట్టులో పంపాడు. నాకు ఒక్క ముక్కే చేరింది. ఆడవాళ్ళందరూ మొదటి రోజునే జవాబు చెప్పేశారు.

"యాడ పోసుకుంటివి?"

"దిబ్బెనకాల. చెలమలో. పెద్దవ్వ పోయింది గదా, తుపాను మర్నాడు. రాయపురంలో కూతురింట్లో ఉండి, బేదులవుతుండాయని వచ్చి, ఈడ పోయింది. ఆమెకు ఆడనే నీళ్ళు పోసినాము. ఆమె గుడ్డలు ఉతికినాము. మేమూ పోసుకుంటిమి. శవానికి పోసినోళ్ళు అట్టనే ఇంటికి రాకూడదు గదా."

"మొగోళ్ళు?"

"వాళ్ళు సముద్రంలో మునుగుతారు."

"ఆ నీళ్ళు తాగినారా?"

"చీ. తాగేవి లారీ నీళ్ళే. అవి పుక్కిలించేవి. మూడుసార్లు పుక్కిలించి, వేపాకు నమిలి రావాల."

పెద్దవ్వ తర్వాత ఎవరు పోయినా అక్కడే. పోసినవాళ్ళు అక్కడే పోసుకున్నారు. ఆ పోసుకున్నవాళ్ళు పోతే వాళ్ళకు మరికొందరు. చావే చావును మోసుకొచ్చింది. నేను అడిగినదేమో మంచినీళ్ళ గురించి.

సుబేదారు తన మ్యాపులో ఖాళీగా వదిలిన జాగాకు నడిచాం. దిబ్బ ఎక్కి దిగితే సరుగుడు చెట్ల మధ్య ఇసుకలో తవ్విన గుంట, నడుము లోతు. నీళ్ళు అడుగునుంచి ఊరుతున్నాయి. పైన వేపాకులు తేలుతున్నాయి. గట్టున చింకి చాపలు ఆరేసి ఉన్నాయి. పోసుకున్న నీరంతా ఇసుకలో ఇంకి, మళ్ళీ గుంటలోకే ఊరుతుంది. చూడ్డానికి ఎంత తేటగా ఉందో. జవాను ఒకడు దాహంతో ఒంగాడు. సుబేదారు కాలర్ పట్టి వెనక్కి లాగాడు.

పదకొండింటికి సున్నం, బ్లీచింగ్, ఇసుక పోసి పూడ్చడం మొదలుపెట్టాం. ఆడవాళ్ళు దిబ్బ మీద నిలబడి అరిచారు. "మా చచ్చినోళ్ళకు యాడ పొయ్యాల? మీ అమ్మకు యాడ పోస్తావే?" ఒకామె ఇసుక విసిరింది. నా కంట్లో పడింది. అప్పుడే ఆర్డరు కూడా చెప్పాను, రెండు భాషల్లో: ఈ రోగంతో పోయిన ఎవరికీ ఇక నీళ్ళు పోయకూడదు. తాకకూడదు. మందునీళ్ళలో తడిపిన దుప్పటి చుట్టి మేమే పూడుస్తాం.

చెంగమ్మ దగ్గరికి తిరిగొచ్చేసరికి ఐదో సీసా. నాడి వచ్చింది. మూత్రం రాలేదు. ఎన్ని సీసాలు పోసినా రాకపోతే ఇక రాదు. ఒకరోజు ముందు పోయాల్సిన నీళ్ళు ఇవి.

"మా అత్తకు చెప్పినావా?" అంది.

"చెప్తా."

"ఇప్పుడే చెప్పు. నేను పోతే ఆమె రావాల. ఆమె రాకుంటే ఎవురూ రారు." తర్వాత నర్సింగ్ అసిస్టెంటును చూసి, "సామీ, ఎవురిదంట బిడ్డ? నీకు తెలుసా?" అని నవ్వింది. గొంతు లేని నవ్వు. అతను బయటికి వెళ్ళిపోయాడు.

నేను అంకమ్మ గుడిసెకు వెళ్ళి అంతా చెప్పాను. నర్సింగ్ అసిస్టెంటు వచ్చి ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "మా వైపు ఆ మాటకి అర్తం వేరమ్మా. నాదే తప్పు. ఆవిడ ఏ పాపం ఎరగదు." చుట్టూ మూగిన ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకుని పకపకా నవ్వారు. "మిలట్రీకి తెలుగు రాదంటే! నీళ్ళు పోసుకుంటే కడుపంట! అయితే రోజూ కనాల గదే మనం!" ఆ ఊళ్ళో నేను విన్న పెద్ద నవ్వు అదే.

అంకమ్మ నవ్వలేదు. "నన్ను ఏమార్చేదానికి మంచి కతే కట్టినారు ఇద్దరూ."

"కత కాదు. నేను పరీక్ష చేసినా. కడుపు లేదు."

"డాక్టరమ్మవు గదా. కోసి చూపించు. లేదని నా కంటితో చూస్తే నేనే నీళ్ళు పోస్తా, నేనే మోస్తా."

"బతికుండే మనిషినా?"

"పోయినాకనే కొయ్యి. నాకేం తొందర లేదు."

చెంగమ్మ మర్నాడు ఐదున్నరకు, వెలుగు వచ్చేటప్పుడు పోయింది. అత్త వస్తోందా అని రెండుసార్లు అడిగింది. వస్తోందని రెండుసార్లూ చెప్పాను.

ఎనిమిదింటి పడవలో పోలమ్మవ్వ కోలుకుని దిగింది. నాలుగో సీసాకు లేచి కూర్చున్న గట్టి ప్రాణం. ఒడ్డున దిగీ దిగకముందే ఎవరో ఆమెకు నిన్నటి కథ చెప్పారు. ఆమె ఊరంతా వినేట్టు అరిచింది.

"ఓరి వాని నోరు పడ! నన్ను గూడా అట్టనే రాసినాడే! నేనూ నీళ్ళు పోసుకున్నా అనే చెప్తి. పడవలో పండబెట్టి, అవ్వా నీ బిడ్డ పైలం అన్నాడు. నా మనవణ్ణి గురించి అంటుండాడేమో అనుకుంటి! అంకమ్మా, నాకు గూడా కడుపేనంటనే!"

అంకమ్మ గడపలో కూర్చుని వింది.

తొమ్మిదింటికి చెంగమ్మను పూడ్చడానికి తీసుకెళ్ళాం. దిబ్బకు ఇవతల, ఏటికి దూరంగా. నలుగురు జవాన్లు, సుబేదారు, నేను. ఊరివాళ్ళు ఎవరూ లేరు. గుంట తవ్వడం సగమయ్యాక అంకమ్మ వచ్చింది. తల మీద ఇత్తడి బిందె. లారీ నీళ్ళు. తలంటు పొడి, పసుపు ముద్ద చెంగున కట్టుకుని ఉంది. కొత్త చీర చంకలో.

"దించండి," అంది. "నేను పోస్తా."

సుబేదారు నా వైపు చూశాడు. దుప్పటి విప్పితే ఏమవుతుందో నాకు తెలుసు. ఆమె చేతులకు, ఆ చేతులతో ఆమె తినే ముద్దకు ఏమవుతుందో తెలుసు. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"వద్దు."

"నేను చెప్పింది తప్పేమ్మా. పోలమ్మ చెప్పింది. నేను పొయ్యాల దానికి. నేను గాక ఎవురు పోస్తారు?"

"వద్దు అంకమ్మా. ఆర్డరు."

"ఒక్క చెంబు. మొగానికి."

"వద్దు."

ఆమె బిందె ఇసుకలో దింపి ముందుకొచ్చింది, జవాను ఒకడు భుజాలు పట్టి ఆపాడు. మేం పూడ్చాం. ఆ ఆర్డరు సరైనదే. ఇవాళైనా అదే ఇస్తాను. చెంగమ్మ తర్వాత ఆ ఊళ్ళో ఈ రోగంతో ఎవరూ పోలేదు. కొత్త కేసులు తగ్గి, ఆగిపోయాయి.

గుడారాలు విప్పాం. ఖాళీ సీసాలు మూటగట్టాం. మంత్రసానికి కొత్త కుండలు పంపించమని సుబేదారు ఎవరికో చెప్పాడు, పంపారో లేదో తెలియదు. నర్సింగ్ అసిస్టెంటు తిరుగు పడవలో నాతో తెలుగు మాట్లాడలేదు. హిందీలోనే జవాబిచ్చాడు. యూనిట్‌కు చేరాక కూడా అంతే. కమాండింగ్ ఆఫీసరు రిపోర్టు చదివి, "శుభ్రమైన పని," అన్నాడు. నాలుగు రోజులు సెలవిచ్చాడు. సబర్బన్ రైలెక్కి బీచ్ స్టేషన్లో దిగాను. చేతిబళ్ళ మధ్య నడిచి ఇంటికొచ్చాను. కమిషన్ ముగిసింది, పెళ్ళయింది, పాప పుట్టింది.

ఆ రిపోర్టులో శవాన్ని నిబంధనల ప్రకారం పూడ్చడమైనదని ఒక వాక్యం ఉంది. పూడ్చింది ఇలా.

సముద్రం పక్కన ఇసుక. మనిషి లోతు తవ్వేసరికి అడుగున నీరు ఊరింది. ఇంకో చోట తవ్వే వేళ లేదు, పోటు మొదలైంది. చెంగమ్మను దించాం. దింపుతుండగానే నీరు పెరిగింది. తడి దుప్పటి గాలి పట్టేసింది. పాదాలు మునిగాయి, మొహం మునిగింది, నడుము దగ్గర మాత్రం గాలి చేరి దుప్పటి ఉబ్బింది. గుండ్రంగా, నీళ్ళపైకి, నిండు నెలల కడుపులా. సుబేదారు ఒక్క క్షణం ఆగిపోయాడు. జవాన్లు కూడా.

అంకమ్మ జవాను చేతుల్లోంచి ముందుకు ఒంగి గుంటలోకి చూసింది. చూసి, నా వైపు తిరిగింది. ఆమె ఒంగి బిందె ఎత్తుకుంది. నీళ్ళు తొణకకుండా తల మీద సర్దుకుంది. కొత్త చీర చంకలో పెట్టుకుని, వెనక్కి చూడకుండా ఇంటికి నడిచింది.

అప్పుడు పిల్లవాడిలాంటి జవాను ఒకడు, ఎవరూ చెప్పకుండానే, పార తిరగేసి ఆ ఉబ్బును మెల్లగా నొక్కాడు. అది ఒకవైపు అణగి, మరోవైపు లేచింది. మళ్ళీ నొక్కాడు.